తెలుగు మాటలతో మెకార్తీ లిస్ప్: విలువ కట్టే యంత్రాన్ని మీరే రాసుకునే పద్ధతి

లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషను ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లందరికీ ఒకటే సలహా: వాడటానికి ముందు కట్టండి. తయారుగా దొరికే లిస్ప్‌ను దించుకుని నాలుగు ఉదాహరణలు టైప్ చేస్తే భాష పైపైనే తెలుస్తుంది. 1960లో జాన్ మెకార్తీ పత్రంలో అచ్చయిన చిన్న లిస్ప్‌ను సొంతంగా రాస్తే, కృత్రిమ మేధ పరిశోధకులు ఈ భాషతో ఏం చేయగలిగారో లోపలి నుంచి అర్థమవుతుంది.

పని పెద్దది కాదు. ఐదు ప్రాథమిక పనులు, నాలుగు ప్రత్యేక రూపాలు. పైథాన్‌లో రెండు వందల లైన్లలోపే అయిపోతుంది. ఇక్కడ మీటమాటలన్నీ (కీవర్డులన్నీ) తెలుగులోనే పెడుతున్నాం. అందుకు అదనంగా పడే శ్రమంతా అక్షరాలు చదివే భాగంలోనే ఉంటుంది. దాన్ని 4వ మెట్టులో వివరంగా చూద్దాం.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- ఫంక్షన్లు, రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) వాడగలిగే ఏదో ఒక భాష. కింద చెప్పిన చిక్కులు పైథాన్‌ను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి.
- ఫైళ్లను యూటీఎఫ్-8లో భద్రపరిచే ఎడిటర్. జత బ్రాకెట్‌ను వెలిగించి చూపించే సౌకర్యం తప్పనిసరిగా ఉండాలి.
- గీతల నోటుబుక్, పెన్సిల్. 8వ మెట్టులో పేర్ల పట్టీని (ఏ పేరుకు ఏ విలువో చూపే వరుసను) చేత్తో రాసి చూడాలి. దీన్ని వదిలేసినవాళ్లే తర్వాత రికర్షన్ దగ్గర ఇరుక్కుంటారు.
- ప్రతి పరీక్షా, దానికి రావాల్సిన జవాబూ పక్కపక్కన రాసుకున్న ఒక ఫైల్.

ఇవాల్ ఫంక్షన్‌ను , అంటే సమాసాలకు విలువ కట్టే ఫంక్షన్‌ను, మెకార్తీ మొదట గణిత నిర్వచనంగానే రాశాడు. స్టీవ్ రసెల్ దాన్ని ఐబీఎం 704 కంప్యూటర్ కోసం చేత్తో మెషీన్ కోడ్‌లోకి మార్చాకే అది నడిచే ఇంటర్‌ప్రెటర్ అయింది. మీరు చేయబోయేదీ అదే పని, అదే నిర్వచనంతో.

## 2. మాటలు ఖాయం చేసుకోండి

ముందే తొమ్మిది మాటలు ఎంచుకుని, మధ్యలో మార్చకండి. ఇవి సరిపోతాయి:

- అలాగే: తర్వాత వచ్చినదాన్ని విలువ కట్టకుండా ఉన్నదున్నట్టు ఇస్తుంది. అసలు పేరు కోట్.
- అణువా: విడదీయరాని మాటో, ఖాళీ జాబితానో అయితే నిజం. అసలు పేరు ఆటమ్.
- సమమా: రెండూ ఒకే అణువైతే నిజం. అసలు పేరు ఈక్యూ.
- తల: జాబితాలో మొదటిది. అసలు పేరు కార్.
- తోక: మొదటిది తీసేశాక మిగిలింది. అసలు పేరు కుడర్.
- కూర్చు: తలనూ తోకనూ కలుపుతుంది. అసలు పేరు కాన్స్.
- అయితే: షరతుల వరుస. అసలు పేరు కాండ్.
- ప్రమేయం: పేరులేని ఫంక్షన్. అసలు పేరు లామ్డా.
- పేరు: తనను తానే పిలుచుకునే ఫంక్షన్‌కు పేరు పెడుతుంది. అసలు పేరు లేబుల్.

ప్రమేయం, సమాసం అనేవి లెక్కల పాఠ్యపుస్తకాల్లో ఫంక్షన్‌కూ ఎక్స్‌ప్రెషన్‌కూ ఉన్న మాటలే. అందుకే ఈ వ్యాసంలోనూ వాటినే వాడుతున్నాం.

అవును అనడానికి నిజం అనే అణువు, కాదు అనడానికి ఖాళీ జాబితా (). అంకెలు ఇప్పుడే చేర్చకండి. అంకెలు లేకుండానే ఈ భాష పూర్తి అవుతుంది. ముందే చేరిస్తే తప్పు ఎక్కడుందో వెతకడం రెట్టింపు కష్టం.

## 3. జంట గడిని తయారుచేయండి

లిస్ప్‌లో జాబితా అంటే రెండేసి గదులున్న గడుల గొలుసు. మొదటి గదిలో విలువ, రెండో గదిలో తర్వాతి గడి. ఐబీఎం 704లో ఒక వర్డ్‌కు 36 బిట్లు. అందులో 15 బిట్ల భాగాలు రెండు ఉండేవి: అడ్రస్, డిక్రిమెంట్. ఒకదాంట్లో తల, ఇంకోదాంట్లో తోక పట్టేవి. కార్, కుడర్ అన్న పేర్లలోని ఎ, డి అక్షరాలు ఆ రెండు భాగాలవే.

మీ ప్రోగ్రామ్‌లో రెండు ఫీల్డులున్న క్లాస్ ఒకటి చాలు. అణువులకు మామూలు స్ట్రింగ్ వాడండి.

పైథాన్ లిస్టునే నేరుగా జాబితాగా వాడుకోవాలని అనిపిస్తుంది. వద్దు. తోక తీసిన ప్రతిసారీ మిగిలిన లిస్టంతా కాపీ అవుతుంది. పైగా తోక స్థానంలో అణువు ఉన్న జంటను, అంటే (క . గ) లాంటిదాన్ని, లిస్టుతో చూపించలేరు.

ఖాళీ జాబితాకు ప్రోగ్రామ్ మొత్తంలో ఒకే ఒక్క వస్తువు ఉండాలి. పైథాన్‌లోని నన్ (None) విలువను దీనికి వాడకండి. డిక్షనరీలో దొరకని పేరుకు కూడా నన్ రావచ్చు. అప్పుడు అక్షరదోషం ఉన్న పేరు తప్పుగా బయటపడకుండా ఖాళీ జాబితాలా చెలామణి అయిపోతుంది. విడిగా ఒక వస్తువు సృష్టించి, దానికి ఖాళీ అని పేరు పెట్టండి.

## 4. చదివే భాగం

అక్షరాల వరుసను ముక్కలు చేసి, ముక్కల నుంచి గడుల గొలుసు కట్టడం దీని పని. ఇంగ్లీషు మాటలతో రాసిన లిస్ప్‌లో ఇది పది నిమిషాల పని. తెలుగులో మూడు చోట్ల జాగ్రత్త పడాలి.

మొదటిది, ముక్కలు చేసే పద్ధతి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ గుర్తుతో పదాలు ఏరితే పైథాన్ ప్రామాణిక మాడ్యూల్ గుణింతపు గుర్తులనూ పొల్లునూ అక్షరాలుగా లెక్కించదు. దాంతో తోక అనే మాట త, క అని రెండు ముక్కలవుతుంది. కూర్చు అనేది క, ర, చ అని మూడు ముక్కలవుతుంది. కాబట్టి పదాలను ఏరకండి, సరిహద్దుల దగ్గర కోయండి: ప్రతి బ్రాకెట్‌కూ రెండు పక్కలా ఖాళీ చేర్చి, ఖాళీల దగ్గర విడగొట్టండి.

రెండోది, ఐత్వం. కనిపించే రూపం ఒకటే అయినా యూనికోడ్‌లో దాన్ని రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే కోడ్‌గా, లేదా ఎత్వం కింద ఐత్వపు గుర్తు చేర్చి రెండు కోడ్‌లుగా. పైన అనే పేరును ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా టైప్ చేస్తే తెరమీద తేడా కనబడదు, పోల్చినప్పుడు మాత్రం రెండూ వేరు. చదవగానే మొత్తం పాఠాన్ని ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి, అంటే అలాంటి రెండు కోడ్‌లను ఒకే కోడ్‌గా కలిపే రూపంలోకి, మార్చండి. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఆ పని చేస్తుంది.

మూడోది, కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లుతో ముగిసే మాటల చివర కొన్ని కీబోర్డులు దాన్ని చేరుస్తాయి. నార్మలైజ్ దాన్ని తీసేయదు. ఖాళీలు తీసే స్ట్రిప్ కూడా తీసేయదు. ప్రతి ముక్క మొదట్లో, చివర మాత్రమే దాన్ని తుడిచేయండి. మధ్యలో ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. అక్కడ అది ఒత్తు పడాలో వద్దో నిర్ణయిస్తుంది.

అనుమానం వస్తే ముక్క పొడవు అచ్చువేసి చూడండి. తోకకు 3, కూర్చుకు 6 రావాలి. ఎక్కువ వస్తే ఏదో కనబడని గుర్తు అతుక్కుని ఉంది.

ఇక గొలుసు కట్టే వరుస:

1. ముక్క తెరిచే బ్రాకెట్ అయితే, మూసే బ్రాకెట్ వచ్చేదాకా లోపలి వాటిని ఒక్కొక్కటీ ఇదే ఫంక్షన్‌తో చదవండి.
2. చదివినవాటిని చివరి నుంచి మొదటికి గడులుగా కూర్చండి. చిట్టచివరి గడి తోకలో ఖాళీ ఉండాలి.
3. ముక్క మూసే బ్రాకెట్‌తోనే మొదలైతే "మూసే బ్రాకెట్ ఎక్కువైంది" అని ఆపండి.
4. ముక్కలు అయిపోయినా జాబితా మూతపడకపోతే "మూసే బ్రాకెట్ తక్కువైంది" అని ఆపండి.
5. మిగతా ఏ ముక్కైనా అణువే.

## 5. రాసే భాగం, ఇప్పుడే

విలువ కట్టే భాగానికి తొందరపడకండి. చదివినదాన్ని తిరిగి అక్షరాల్లో రాసే ఫంక్షన్ ముందు కావాలి. అది లేకుండా ముందుకెళితే తప్పు చదవడంలో ఉందో, విలువ కట్టడంలో ఉందో తేలదు.

నియమం చిన్నది. అణువైతే ఉన్నదున్నట్టే రాయండి. జంటైతే తలను రాసి తోకలోకి వెళ్లండి. తోక ఖాళీ అయితే మూయండి. తోక ఇంకో జంటైతే ఖాళీ వదిలి కొనసాగించండి. తోక అణువైతే చుక్క పెట్టి, అణువు రాసి మూయండి.

దాటాల్సిన పరీక్షలు:

- () చదివితే () రావాలి
- (వేప (చింత మామిడి) ()) చదివితే అదే రావాలి
- బ్రాకెట్ల మధ్య ఎన్ని ఖాళీలు, ఎన్ని లైన్లు ఉన్నా ఫలితం మారకూడదు

## 6. విలువ కట్టే భాగం

ఈ ఫంక్షన్‌కు ఇచ్చేవి రెండు: ఒక సమాసం, ఒక పేర్ల పట్టీ. పట్టీ అంటే పేరు, విలువ జతల గొలుసు. కొత్త జతను ఎప్పుడూ ముందు చేర్చాలి, వెతకడం కూడా ముందు నుంచే.

కింది నియమాలను ఇదే వరుసలో రాయండి. వరుస మారితే ఫలితం మారుతుంది.

1. సమాసం () లేదా నిజం అయితే విలువ అదే.
2. వేరే అణువైతే పట్టీలో వెతకండి, మొదట తగిలిన విలువ ఇవ్వండి. దొరక్కపోతే ఆ పేరు చూపిస్తూ ఆపండి.
3. తల అలాగే అన్న మాటైతే రెండో భాగాన్ని ముట్టుకోకుండా ఇవ్వండి.
4. తల అయితే అన్న మాటైతే, ఒక్కో జతలో షరతుకు విలువ కట్టండి. () కానిది మొదట ఎక్కడ వస్తే ఆ జతలోని రెండోదానికి విలువ కట్టి ఇవ్వండి. మిగతా జతలను తాకకూడదు. ఏదీ నెగ్గకపోతే తప్పు చూపించి ఆపండి. నిశ్శబ్దంగా () ఇస్తే తర్వాత ఎక్కడో దూరంలో తేడా వస్తుంది.
5. తల అణువా, సమమా, తల, తోక, కూర్చు అనే ఐదింటిలో ఒకటైతే, ఆర్గ్యుమెంట్లన్నిటికీ విలువ కట్టి ఆ పని చేయండి.
6. తల వేరే అణువైతే పట్టీలో దాని నిర్వచనం తెచ్చి, ఆ అణువు స్థానంలో పెట్టి, కొత్త సమాసానికి మళ్లీ విలువ కట్టండి. ఆర్గ్యుమెంట్లను ఉన్నవున్నట్టే వదిలేయండి.
7. తల ఒక జాబితా అయి, అది పేరు అనే మాటతో మొదలైతే: ఆ పేరునూ, ఆ జాబితా మొత్తాన్నీ జతచేసి పట్టీకి ముందు చేర్చండి. తల స్థానంలో లోపలి ప్రమేయాన్ని పెట్టి మళ్లీ విలువ కట్టండి.
8. తల ఒక జాబితా అయి, అది ప్రమేయం అనే మాటతో మొదలైతే: ఆర్గ్యుమెంట్లకు విలువ కట్టి, పారామీటర్లతో జతచేసి, పట్టీకి ముందు చేర్చండి. ఆ కొత్త పట్టీతో శరీరానికి, అంటే ప్రమేయంలో పారామీటర్ల తర్వాత ఉన్న సమాసానికి, విలువ కట్టండి.

సమమా విషయంలో ఒక మాట. 1960 పత్రం ప్రకారం రెండూ అణువులైతేనే దానికి అర్థం. మనం జాబితా వచ్చినా ఆపకుండా () ఇద్దాం, ఖాళీ జాబితా పరీక్షలకు అది పనికొస్తుంది. ఖాళీకి తల, తోక అడిగితే మాత్రం తప్పు చూపించి ఆపండి.

## 7. మొదటి పరీక్షలు

ఒక్కోటి దాటాకే తర్వాతిదానికి వెళ్లండి.

- (అలాగే మామిడి) → మామిడి
- (తల (అలాగే (వేప మామిడి చింత))) → వేప
- (తోక (అలాగే (వేప మామిడి చింత))) → (మామిడి చింత)
- (కూర్చు (అలాగే వేప) (అలాగే (మామిడి))) → (వేప మామిడి)
- (కూర్చు (అలాగే క) (అలాగే గ)) → (క . గ)
- (సమమా (అలాగే వేప) (అలాగే చింత)) → ()
- (అయితే ((అణువా (అలాగే (క ఖ))) (అలాగే మొదటిది)) (నిజం (అలాగే రెండోది))) → రెండోది
- ((ప్రమేయం (వ) (కూర్చు వ (అలాగే (చింత)))) (అలాగే వేప)) → (వేప చింత)

"వేప అనే పేరు పట్టీలో లేదు" అన్న తప్పు వస్తే నూటికి తొంభై సార్లు మీరు అలాగే పెట్టడం మరిచిపోయినట్టే. (తల (వేప చింత)) అని రాస్తే వేప అనే ఫంక్షన్‌ను పిలుస్తున్నారని యంత్రం అనుకుంటుంది. కోడ్‌కూ డేటాకూ రూపం ఒకటే కాబట్టి, ఏది డేటానో మీరే చెప్పాలి.

## 8. రికర్షన్, పెన్సిల్‌తో

ఎంత లోతైన జాబితాలోనైనా అన్నిటికంటే ఎడమ చివరన ఉన్న అణువును తెచ్చే ఫంక్షన్ ఇది. మెకార్తీ పత్రంలోనూ ఇలాంటిదే ఉంది.

((పేరు మొదలు
   (ప్రమేయం (జా)
     (అయితే ((అణువా జా) జా)
            (నిజం (మొదలు (తల జా))))))
 (అలాగే ((వేప చింత) మామిడి)))

జవాబు వేప. ఇప్పుడు నోటుబుక్ తీసి, అయితే దగ్గరికి వచ్చిన ప్రతిసారీ పట్టీ ఎలా ఉందో రాయండి.

మొదటిసారి పట్టీలో రెండు జతలు: జా విలువ ((వేప చింత) మామిడి), ఆ వెనక మొదలు. రెండోసారి నాలుగు: ముందు జా విలువ (వేప చింత), మళ్లీ మొదలు, ఆ వెనక పాత రెండూ. మూడోసారి ఆరు. అప్పుడు జా విలువ వేప, అది అణువు, పని ముగిసింది.

మొదలు అనే జత మూడుసార్లు ఎందుకు చేరింది? ఆ పేరుకు పట్టీలో ఉన్న విలువ లోపలి ప్రమేయం కాదు, పేరుతో మొదలయ్యే జాబితా మొత్తం. అందుకే పిలిచిన ప్రతిసారీ 7వ నియమం మళ్లీ నడుస్తుంది. మీ పట్టీలో 2, 4, 6 కాకుండా 2, 3, 4 జతలు వస్తుంటే, 7వ నియమంలో జాబితా మొత్తానికి బదులు లోపలి ప్రమేయాన్ని జతచేశారు.

రెండు పారామీటర్లకు ఇది ప్రయత్నించండి:

((పేరు జోడించు
   (ప్రమేయం (మొ రె)
     (అయితే ((సమమా మొ ()) రె)
            (నిజం (కూర్చు (తల మొ) (జోడించు (తోక మొ) రె))))))
 (అలాగే (వేప చింత))
 (అలాగే (మామిడి)))

జవాబు (వేప చింత మామిడి).

## 9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

ఆర్గ్యుమెంట్లకు రెండుసార్లు విలువ కట్టడం. మొదటి పిలుపు బాగానే నడుస్తుంది, రెండో పిలుపులో "వేప పట్టీలో లేదు" అని ఆగిపోతుంది. 6వ నియమంలో ఆర్గ్యుమెంట్లకు విలువ కట్టేసి, ఆ ఫలితాన్ని మళ్లీ విలువ కట్టడానికి పంపారు. (తల జా) విలువ (వేప చింత) అయ్యాక, దాన్నే ఫంక్షన్ పిలుపు అనుకుంది యంత్రం. 1960లో అచ్చయిన నిర్వచనంలోనూ సరిగ్గా ఈ లోపమే దొర్లింది, కాబట్టి పాత పత్రం చూసి రాసేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి.

అందరికీ ఒకే డిక్షనరీ. పట్టీకి బదులు ఒకే డిక్షనరీలో పేర్లు తిరగరాస్తే లోపలి విలువ బయటికి కారిపోతుంది. జోడించు పరీక్ష దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే అక్కడ (తల మొ) విలువ ముందే తీసుకున్నాం. ఇది పట్టుకుంటుంది:

((ప్రమేయం (వ) (కూర్చు ((ప్రమేయం (వ) వ) (అలాగే లోపల)) (కూర్చు వ ()))) (అలాగే బయట))

రావాల్సింది (లోపల బయట). (లోపల లోపల) వస్తే డిక్షనరీ తీసేసి గొలుసు పట్టీ పెట్టండి.

పారామీటర్ల లెక్క చూడకపోవడం. పైథాన్‌లోని జిప్ పొట్టిదాని దగ్గర నిశ్శబ్దంగా ఆగిపోతుంది. జతచేసే ముందు రెండు పొడవులూ సమానమో కాదో చూడండి.

పొడవైన జాబితా దగ్గర కూలిపోవడం. పైథాన్ రికర్షన్ పరిమితి మామూలుగా 1000. లిస్ప్‌లో ఒక్క పిలుపు పైథాన్‌లో ఐదారు పిలుపులవుతుంది కాబట్టి, వంద, రెండు వందల మూలకాల మధ్యలోనే జోడించు ఆగిపోతుంది. సిస్ మాడ్యూల్‌లో పరిమితిని 10000కు పెంచండి. ముందు మాత్రం ఆగే షరతు సరిగా ఉందో లేదో చూడండి. ఆగని రికర్షన్‌కు పరిమితి పెంచి ప్రయోజనం లేదు.

మీటమాటనే పారామీటర్‌గా వాడటం. తల అనే పారామీటర్ పెట్టుకుంటే విలువగా వాడినప్పుడు పనిచేస్తుంది, పిలిచినప్పుడు పనిచేయదు. 5వ నియమం 6వ నియమానికి ముందు ఉండటమే కారణం. తొమ్మిది మాటలనూ నిజాన్నీ పారామీటర్లుగా ఒప్పుకోకండి.

## 10. ఫంక్షన్‌ను ఆర్గ్యుమెంట్‌గా పంపినప్పుడు

ఇక్కడిదాకా అన్నీ సరిగా వచ్చాక ఇది నడపండి:

((ప్రమేయం (వ)
   ((ప్రమేయం (ప) ((ప్రమేయం (వ) (ప (అలాగే గింజ))) (అలాగే లోపల)))
    (అలాగే (ప్రమేయం (ఇ) వ))))
 (అలాగే బయట))

(ప్రమేయం (ఇ) వ) రాసిన చోట వ విలువ బయట. చదివే మనిషి బయట వస్తుందనే అనుకుంటాడు. మీ యంత్రం లోపల అంటుంది. మీరు తప్పు రాయలేదు, మెకార్తీ నిర్వచనమే అంత. పిలిచే సమయానికి పట్టీలో ముందున్నది వ విలువ లోపల అన్న జత, కాబట్టి అదే తగులుతుంది. లిస్ప్ లోకంలో దీన్ని ఫనార్గ్ (ఫంక్షనల్ ఆర్గ్యుమెంట్) సమస్య అంటారు. లిస్ప్ 1.5 దీనికోసం ఫంక్షన్ అనే ప్రత్యేక రూపం తెచ్చింది. 1975లో ఎంఐటీలో సస్‌మన్, స్టీల్ చేసిన స్కీమ్ అనే లిస్ప్ రకం దీన్ని భాష మామూలు నియమంలోనే సరిచేసింది.

మీరు స్కీమ్ దారి పట్టండి:

1. మూడు ఫీల్డులతో క్లోజర్ అనే క్లాస్ చేయండి: పారామీటర్లు, శరీరం, పుట్టినచోటి పట్టీ.
2. ప్రమేయంతో మొదలయ్యే సమాసానికి విలువ కట్టమంటే, అప్పటి పట్టీని పట్టుకున్న క్లోజర్‌ను ఇవ్వండి.
3. 6, 7, 8 నియమాలను కలిపేయండి: తలకు విలువ కట్టండి, క్లోజర్ రాకపోతే ఆపండి, ఆర్గ్యుమెంట్లకు పిలిచినచోటి పట్టీతో ఒక్కసారే విలువ కట్టండి, ఆ జతలను క్లోజర్ పట్టీకి ముందు చేర్చి శరీరానికి విలువ కట్టండి.
4. పేరు రూపానికి: ముందు ఆ పేరుకు విలువ లేని జతతో కొత్త పట్టీ చేయండి, ఆ పట్టీతోనే క్లోజర్ కట్టండి, తర్వాత జతలో ఆ క్లోజర్‌ను నింపండి. ఈ వరుస తప్పితే ఫంక్షన్‌కు తన పేరే తెలియదు.

ఇప్పుడు పై పరీక్షలో (ప్రమేయం (ఇ) వ) ముందున్న అలాగే తీసేసి, దాని బ్రాకెట్ల జతనూ తీసేసి నడపండి. బయట రావాలి. 7, 8, 9 మెట్లలోని పరీక్షలన్నీ మళ్లీ నడిపితే జవాబులు మారకూడదు. నోటుబుక్‌లోని పట్టీ మాత్రం మారుతుంది: మొదలు ఫంక్షన్‌ను ఎన్నిసార్లు పిలిచినా, అయితే దగ్గర జతలు ఇప్పుడు రెండే.